మూడొందల నాలుగులో నిమిషం మౌనం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి వైపు వస్తుంటే మెట్రో స్తంభాల వెనక ఒక సందు ఉంది. ఆ సందు చివర నాలుగంతస్తుల ఆడపిల్లల హాస్టల్ ఉండేది. ఉండేది అంటున్నాను... ఇప్పుడు లేదు.

దానికి మంచి పేరు లేదు.

మూతపడి అప్పటికే ఐదేళ్ళు దాటింది. బోర్డు మీద పేరు వానలకు కొట్టుకుపోయింది. చీకటి పడితే ఆ గేటు ముందు ఎవరూ బండి ఆపేవాళ్ళు కాదు. పార్సిల్ తెచ్చేవాళ్ళు సందులోకి రాకుండా మెయిన్ రోడ్డు మీదే నిలబడి, మీరే రండి అని పక్క బిల్డింగు వాళ్ళకు ఫోన్లు చేసేవాళ్ళు.

కారణం మూడో అంతస్తులో మూడొందల నాలుగో గది. పై అంతస్తులకు కరెంటు ఎప్పుడో తీసేశారు. అయినా అర్ధరాత్రి దాటాక ఆ కిటికీలో సన్నటి వెలుతురు కనిపిస్తుందని... ఎవరో గొణుగుతున్నట్టు వినిపిస్తుందని... చూసినవాళ్ళు చెప్పేవాళ్ళు.

గేటుకు ఎదురుగా మిర్చి బజ్జీల బండి పెట్టుకున్న ఈరమ్మ అయితే కథంతా చెప్పేది.

“కోచింగ్‌కు వచ్చిన పిల్ల. ఎండాకాలం సెలవులకు అందరు ఇండ్లకు పోయిండ్రు. పరీక్ష దగ్గర్ల ఉందని గీమె ఒక్కతే ఉండిపోయింది. జరమొచ్చింది. తలుపు కొట్టి చూసేటోళ్ళు లేకపాయె. దవాఖానకు తీస్కపోయేసరికే అయిపోయింది. చదువు ఒడవలే గద... అందుకే ఇంక చదువుతనే ఉన్నది.”

చెప్పి, నూనెలో బజ్జీ తిప్పేది. విన్నవాళ్ళు కదలలేక ఇంకో ప్లేటు తీసుకునేవాళ్ళు.

నేను ఆ హాస్టల్‌కు వాచ్‌మన్‌ని. పేరు మట్టయ్య. మాది నల్లగొండ పక్క పల్లె. ఆ పిల్ల పోయిన రెండేళ్ళకు నేను ఈ పనిలో చేరాను. దెయ్యాలు లేవని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. గేటు దగ్గర జరిగింది నేను చూసింది. పైన జరిగింది సినిమా పిల్లలు చెప్పగా విన్నది. విన్నది విన్నట్టే రాస్తాను.

ఫిబ్రవరి నెలాఖరులో తేజస్విని వచ్చింది. వాళ్ళుండేది ఎల్‌బీ నగర్‌లో. పెద్దలది భీమవరం వైపు. యూనివర్సిటీలో సినిమా చదువు, ఆఖరి ఏడాది. చదువు ముగియాలంటే ఒక సినిమా తీసి ఇవ్వాలట. మిగతావాళ్ళు పావుగంట సినిమాలు తీస్తుంటే ఈమె గంటన్నర సినిమాకు దిగింది. మొండి పిల్ల. మొండివాళ్ళను నేను తొందరగా గుర్తుపడతాను.

వాళ్ళు మొత్తం ఐదుగురు. అడిగి తెచ్చుకున్న కెమెరా ఒకటి. కర్రకు కట్టిన మైకు ఒకటి. కింది పంపు దగ్గర నుంచి వైరు లాగి వెలిగించే రెండు ట్యూబులైట్లు, వాటికి అడ్డంగా తెల్ల దుప్పటి. భోజనానికి తేజస్విని వాళ్ళమ్మ కట్టిచ్చే క్యారియరు. అంతే సినిమా.

“హాస్టల్లో అందరూ వెళ్ళిపోయాక ఒక్కతే మిగిలిపోయిన అమ్మాయి కథండీ,” అంది.

నాకు అనుమానం వచ్చింది. “గీ కథ నీకు ఎవరు చెప్పిండ్రు బిడ్డా?”

“ఎవరూ చెప్పలేదు తాతగారూ. నేనూ హాస్టల్లో చదివినదాన్నే.”

ఓనరు త్రినాథరావుగారు ఇచ్చిన కాగితం చూపించింది. ఏడు రోజులు అనుమతి. సాయంత్రాలు మాత్రమే. పదో తారీఖున బిల్డింగు కూలగొడుతున్నారు. ఆ లోపల తీయలేకపోతే ఆ గది ఉండదు, సినిమా ఉండదు, డిగ్రీ ఉండదు.

“కాగితం నా దగ్గర పెట్టి రేపు రా,” అన్నాను.

“ఇప్పుడే చూసుకోండి. నాలుగు లైన్లే కదా?”

“రేపు రా అన్న గద.”

రోడ్డు అవతల నుంచి ఈరమ్మ నవ్వింది. “ఓ మట్టయ్యా! అక్షరం ముక్క నాకు రాకపాయె, నీకు రాకపాయె. కాగితం పెట్టుకొని ఏం జేస్తవ్? ఇటియ్యి, బజ్జీలు కట్టిస్త!”

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు సాయంత్రం గేటు తీస్తూ చెప్పాను. “పది దాటితే ఒక్కరు గూడ లోపల ఉండొద్దు. టెర్రస్ మీదికి పోవద్దు. గోడలకు మేకులు కొట్టొద్దు. గివే గద రాసింది?”

“అవేనండీ...” అంది తేజస్విని, నా మొహంలోకి చూస్తూ. ఓనరు ఫోన్ చేసి చెప్పి ఉంటాడని అనుకుందట.

మొదటి రోజు సీను అయిపోగానే మహిపాల్ చెయ్యెత్తాడు. సౌండ్ పని అతనిది. నాగోల్ పిల్లవాడు. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్ డిప్పలు పెట్టుకుని తిరుగుతాడు.

“రూమ్ టోన్! ఒక్క నిమిషం. ఎవ్వరు కదలొద్దు, మాట్లాడొద్దు.”

ఐదుగురూ బొమ్మల్లా నిలబడిపోయారు. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. నిమిషం అయ్యాక, ఇదేం పూజ అని అడిగాను.

“పూజ కాదు తాత. ప్రతి గదికి దాని నిశ్శబ్దం దానికి ఉంటది. ఒక గదిది ఇంకో గదికి పనికిరాదు. మాటకు మాటకు మధ్యల గీ నిశ్శబ్దం అతికిస్తేనే సినిమాల అతుకు వినపడదు. స్టూడియోల మళ్ళ మాటలు చెప్పించే స్తోమత మాకు లేదు. ఈడ దొరికిన సౌండే మా సినిమా.”

“నిశ్శబ్దమే కావాలంటే అందరు బైటికి పోయి తీస్కోరాదు?”

“అట్ల కాదు. మనుషులు సౌండ్‌ను తాగుతరు. మనిషున్న గది వేరు, లేని గది వేరు. ఒక్కరు తక్కువైనా, ఒక్కరు ఎక్కువైనా నా చెవికి తెలుస్తది.”

అని, తీసింది విన్నాడు. మొహం చిట్లించాడు.

“పేజీలు ఎవరు తిప్పిండ్రు?”

ఎవరూ తిప్పలేదు. ఎవరి చేతిలోనూ కాగితం లేదు.

మళ్ళీ తీశారు. మళ్ళీ అదే... సర్... కాసేపాగి... సర్... చదివి తిప్పుతున్నట్టు.

అందరూ నా వైపు చూశారు. నా ఖాకీ చొక్కా గంజి చప్పుడేమో అన్నారు. “తాతగారూ, మీరు కాస్త కిందికి వెళ్తారా?” అంది తేజస్విని. వెళ్ళాను.

నేను వెళ్ళాక కూడా పేజీలు తిరిగాయట.

రెండో రోజు కిటికీలకు దుప్పట్లు కట్టారు. గోడమీద పాత క్యాలెండరు తీసేశారు. పేజీల చప్పుడు పోలేదు. కెమెరా పట్టే వంశీకృష్ణకు ఒళ్ళు మండింది.

“నువ్వే ఏదో కలుపుతున్నావురా. మమ్మల్ని భయపెట్టి నవ్వుకుందామని.”

“నవ్వుకునేటట్టు ఉన్నదారా నా మొహం?” అన్నాడు మహిపాల్. ఇద్దరూ ఆ సాయంత్రం మళ్ళీ మాట్లాడుకోలేదు.

మూడో రోజు... హీరోయిన్‌గా వేసే మృదుల ఇనప మంచం అంచున కూర్చుని ఉంది. టోన్ తీస్తున్నారు. అందరూ ఊపిరి బిగబట్టారు. నిమిషం పూర్తయ్యేదాకా మృదుల కదలలేదు. పూర్తయ్యాక లేచి, బ్యాగు తీసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని కిందికి పరుగెత్తుకొచ్చింది.

“ఏమైందే?” అంటూ తేజస్విని వెనకాలే వచ్చింది.

“నా పక్కన... మంచం కుంగింది.”

“పాత మంచం కదా...”

“ఎవరో కూర్చుంటే కుంగినట్టు కుంగింది తేజూ. నేను రాను. నన్ను వదిలెయ్.”

వెళ్ళి ఈరమ్మ బండి దగ్గర నిలబడింది. ఈరమ్మ నీళ్ళిచ్చి, కథంతా చెప్పింది. మృదుల మెట్రో ఎక్కి మూసారాంబాగ్ వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు.

నాలుగో రోజు షూటింగ్ లేదు. తేజస్విని గేటు మెట్ల మీద కూర్చుంది. ఇంకా సగం సినిమా ఉంది. హీరోయిన్ లేదు. తీసిన సౌండ్ పనికిరాదు. ఆమె ఏడవలేదు. అనుమానించడం మొదలుపెట్టింది.

ముందు మహిపాల్‌ని. తర్వాత నన్ను.

నా మీద అనుమానానికి ఆమె దగ్గర కారణాలున్నాయి. పది కొట్టగానే కర్ర చప్పుడు చేస్తూ తరుముతాను. సామాను రాత్రి పైన పెట్టనివ్వను. అన్ని గదుల తాళంచెవులు గోడ మేకుకు ఉంటే, మూడొందల నాలుగుది మాత్రం నా మొలతాడుకు ఉంటుంది. కిటికీలో వెలుతురు ఉంటుందని ఈరమ్మ చెప్పనే చెప్పింది. ఇంకేముంది... ముసలోడు ఆ గదిని ఎవరికో దొంగచాటుగా కిరాయికిస్తున్నాడు. ఆ మనిషే ఎక్కడో నక్కి ఈ పని చేస్తున్నాడు.

“రాత్రిళ్ళు ఆ గదిలో ఎవరుంటారు తాతగారూ?” అని సూటిగా అడిగింది.

“దెయ్యాలు లేవు బిడ్డా.”

“దెయ్యాల సంగతి అడగలేదండీ. ఎవరుంటారని అడిగాను.”

“పొద్దుపోయింది. ఇంటికి పో,” అన్నాను.

ఐదో రోజు సాయంత్రం వచ్చారు. మృదుల లేకుండా ఖాళీ గదినే ఏవో కోణాల్లో తీశారు. పదికి నేను కర్ర కొట్టకముందే దిగిపోయారు. అంత బుద్ధిగా దిగడం చూసి నాకే అనుమానం రావాల్సింది. రాలేదు.

పైన, బీరువా మీద, రికార్డరు వదిలిపెట్టారు. ఎర్రలైటుకు నల్ల టేపు అంటించి... అది తిరుగుతుండగానే.

ఆరో రోజు పొద్దున ఏదో మర్చిపోయామని వచ్చి తీసుకుపోయారు. ఎల్‌బీ నగర్‌లో తేజస్విని వాళ్ళింట్లో తలుపులు వేసుకుని విన్నారు. ముందు దూరంగా ఆఖరి మెట్రో. తర్వాత హైవే మీద బెజవాడ బస్సుల హారన్లు. కుక్కలు. తర్వాత అవీ లేవు... ఉత్త నిశ్శబ్దం. కంప్యూటరు మీద సన్నటి గీత ఒకటి సాగిపోతూనే ఉంది.

పన్నెండు నలభైకి గీత లేచింది.

తాళం తిరిగిన చప్పుడు. తలుపు. అడుగులు... ఒక మనిషివే. కుర్చీ లాగారు. కాసేపు ఏమీ లేదు. మృదుల ఫోన్‌లో వింటోంది, ఆమె ఊపిరి కూడా వినపడలేదట.

అప్పుడు గుసగుసగా ఒక గొంతు...

“క... కొమ్ము... కు. క... కొమ్ము దీర్ఘం... కూ.”

ఆగింది.

“ఆఁ. కూర. క... గుడి... కి.”

ఆగింది.

“గీ గుడి, గుడి దీర్ఘం ఎప్పటికి తప్పుతనే ఉన్న. నవ్వకు.”

వంశీకృష్ణ పగలబడి నవ్వాడు. తేజస్వినికి నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళు వచ్చాయి. “దెయ్యమూ కాదు, కిరాయీ కాదు! మన తాతగారు బళ్ళో చేరారు! ఆయనతో ఆయనే మాట్లాడుకుంటున్నారు చూడండి!”

మహిపాల్ ఒక్కడు నవ్వలేదు. డిప్పలు చెవులకు నొక్కిపెట్టుకుని, కళ్ళు మూసుకుని, నేను ఆగిన చోట్లనే మళ్ళీ మళ్ళీ వింటున్నాడట.

ఆ సాయంత్రం మృదులతో సహా వచ్చారు. తలుపు సరిగా పడని ఆ బీరువా తెరిస్తే నా బాలశిక్ష, పలక, కాపీ పుస్తకం, సగం కాలిన కొవ్వొత్తి ఉన్నాయి. వెనక గోడ పగులు నుంచి గాలి. పేజీల చప్పుడు దానిదే అన్నారు. మంచం కుంగడం మృదుల భయం అన్నారు. మృదుల కూడా ఒప్పుకుంది.

సంగతి రోడ్డు దాటి ఈరమ్మకు చేరింది. “గీ ఏజుల బడికి పోతున్నవా మట్టయ్యా! పాసైతే చెప్పు, పెండ్లి సంబంధం చూస్త!”

నేను తల వంచుకుని నిలబడ్డాను. తేజస్విని నా చెయ్యి పట్టుకుంది. “క్షమించండి తాతగారూ. మిమ్మల్ని అనుమానించాను. పుస్తకాలు కింద మీ గదిలో పెట్టిస్తాను, ఏమనుకోకండి.”

పుస్తకాలు కిందికి వచ్చాయి. పేజీల చప్పుడు ఆగిపోయింది. రెండు సాయంత్రాల్లో మిగిలిన సగం సినిమా తీసేశారు. ఏడో రోజు ఆఖరి సీను... పుస్తకం మీద తల పెట్టి ఆ పిల్ల నిద్రపోవడం. అది కూడా అయిపోయింది. మహిపాల్ ఆఖరి రూమ్ టోన్ తీశాడు.

ఇక్కడితో ఆపితే ఇది నవ్వుకునే కథ.

సామాను ఆటోలో ఎక్కిస్తుంటే తేజస్విని నా దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించింది.

“తాతగారూ... ఆ మొదటి రోజు, కాగితంలో ఏముందో ఎవరు చదివి చెప్పారు?”

“చదువుకుంటున్న గద.”

“మీరింకా గుణింతాల్లో ఉన్నారు. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది.”

నేను ఆటోలో సామానుకు తాడు బిగించడం మొదలుపెట్టాను.

“ఓనరుగారిని అడిగాను. మీకు ఫోన్ చెయ్యలేదన్నారు.”

మహిపాల్ ఆమె వెనక వచ్చి నిలబడ్డాడు. డిప్పలు మెడలో ఉన్నాయి.

“తాత... నువ్వు ఆగిన చోట్ల ఏం మాట లేదు. కాని గా నిశ్శబ్దం విన్న. ఏడు రోజులు గీ గదినే విన్న. ఒక్క మృదులనే ఉన్నప్పుడు తీసిన, ఇద్దరున్నప్పుడు తీసిన, ఐదుగురున్నప్పుడు తీసిన. గా రాత్రిది ఇద్దరున్న గది.”

“మహీ, చాలు,” అంది తేజస్విని.

“ఇంకోటి ఉన్నది. నువ్వు తాళం తీయకముందు... పది నుంచి పన్నెండు నలభై దాక... గది ఖాళీగ ఉండాలె గద?”

రికార్డరు మీట నొక్కాడు.

“ఖాళీగ లేదు.”

అని, డిప్పలు తీసి నా చెవులకు పెట్టాడు. నా గొంతు నేనే విన్నాను. క, గుడి, కి... తర్వాత వాళ్ళకేమీ వినపడని ఆ చోటు.

నాకు వినపడింది. రోజూ వినపడినట్టే. *గుడి దీర్ఘం తాతా. ఎన్నిసార్లు చెప్పాలి?*

డిప్పలు తీసి ఇచ్చాను. “మిషన్ మంచిగనే ఉన్నది. అంత వినవడుతుంది గద.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇక దాచి లాభం లేదు, చెప్పాను. రెండేళ్ళ కింద ఒక రాత్రి పైన పేజీల చప్పుడు వింటే, దొంగలేమో అని కర్ర పట్టుకుని వెళ్ళాను. పిల్ల కూర్చుని ఉంది. ఎవరు బిడ్డా అంటే... తలుపు మీద నంబరు చదివి వచ్చావా తాతా అంది. చదవరాదన్నాను. కూర్చోమంది. అప్పటి నుంచి రోజూ కూర్చున్నాను.

“పేరు... తెలుసా మీకు?” అంది తేజస్విని.

“బీరువ తలుపు లోపల రాసుకున్నది. అమల. నేను సొంతంగ చదివిన మొదటి పేరు గదే.”

“తాతగారూ... అంటే అది... దెయ్యం...”

“దెయ్యాలు లేవన్న గద!” నాకు కోపం వచ్చింది. “దెయ్యమైతే భయపెట్టాలె. గీమె ఒత్తు తప్పితే తిడుతది. పంతులమ్మ గది. పొండ్రి, పదైంది.”

తర్వాతి రాత్రుల్లో ఒత్తులు గబగబా చెప్పింది. టైము లేదని ఆమెకు తెలుసు. బిల్డింగు పోతే ఎక్కడికి పోతవ్ బిడ్డా అని అడిగితే వినిపించుకోలేదు. ఒక్క పాఠం మిగిలింది, రేపు చెప్తా అంది. ఆ రేపు కాంట్రాక్టరు మనుషులు వచ్చి గేటుకు వాళ్ళ తాళం వేశారు. పదో తారీఖు పొద్దున మిషన్లు వచ్చాయి. మధ్యాహ్నానికి మూడో అంతస్తు నేలమీద ఉంది.

మే నెలలో యూనివర్సిటీలో సినిమా వేశారు. అరవై కుర్చీల చిన్న హాలు. తేజస్విని నన్నూ ఈరమ్మనూ మెట్రోలో దగ్గరుండి తీసుకుపోయింది. ఈరమ్మ కొత్త చీర కట్టింది, మొదటి వరసలో కూర్చుంటానని పట్టుబట్టింది. వెనక వరసలో సార్లు కాగితాలు, పెన్నులు పట్టుకుని కూర్చున్నారు. తేజస్విని గోడకు ఆనుకుని గోళ్ళు కొరుక్కుంటోంది.

ఆఖరి సీనులో పిల్ల పుస్తకం మీద తల పెట్టి నిద్రపోయింది. తెర నల్లగా అయిపోయింది. పాట లేదు, మాట లేదు. నిమిషం పాటు మూడొందల నాలుగు నిశ్శబ్దం మాత్రం పెట్టింది తేజస్విని. రికార్డరు పైన వదిలిన ఆ రాత్రి దొరికిన నిశ్శబ్దం.

హాలులో ఎవరూ కదల్లేదు. దగ్గు కూడా లేదు. వెనక సార్ల పెన్నులు ఆగిపోయాయి.

*తాతా... పలక తెచ్చావా? మిగిలింది చెప్తాను, రాసుకో.*

పలక లేదు. ఎడమ అరచేతిలో కుడిచేతి వేలితో రాసుకున్నాను. ఆమె చెప్పింది చెప్పినట్టు... తప్పు లేకుండా.

రాయడం అయిపోయే వేళకు నా మోచెయ్యి ఎవరో గట్టిగా పట్టుకున్నారు. ఈరమ్మ. చీకట్లో ఆమె చెయ్యి మంచులా ఉంది. చూపు తెర మీదే ఉంది.

“మట్టయ్యా...” అంది, నాకు మాత్రమే వినపడేటట్టు. “గా పిల్ల... నన్ను గూడ రేపు పలక తెచ్చుకొమ్మంటుందేంది?”